అమెరికా కళాశాలల మహిళా టెన్నిస్: చదువు మానకుండానే ఆటలో నిలిచే దారి ఎలా ఏర్పడింది? ఇప్పుడెందుకు మారుతోంది?

టెన్నిస్‌నే నమ్ముకున్న అమ్మాయికి ఇంటర్మీడియట్ పూర్తయ్యే నాటికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆటలో కొనసాగాలా, చదువుకోవాలా? ఆటే అనుకుంటే ఏడాది పొడవునా దేశదేశాలు తిరగాలి. ఆ ఖర్చు కుటుంబమే భరించాలి. చదువే అనుకుంటే పదేళ్లకు పైగా చేసిన సాధన అక్కడితో ఆగిపోతుంది.

అమెరికాలో ఈ రెంటి నడుమ మూడో దారి ఒకటి ఉంది. విశ్వవిద్యాలయమే ఫీజు కట్టి, వసతి ఇచ్చి, శిక్షకులను పెట్టి, విద్యార్థినిని తన జట్టు తరఫున ఆడిస్తుంది. ఆ జట్లన్నిటికీ అంతిమ లక్ష్యం ప్రతి ఏటా మే నెలలో ముగిసే జాతీయ కళాశాలల క్రీడా సంఘం, అంటే ఎన్‌సీఏఏ మహిళా టెన్నిస్ చాంపియన్‌షిప్.

2025 మే నెలలో టెక్సాస్ రాష్ట్రంలోని వేకో నగరంలో జరిగిన ఫైనల్‌లో జార్జియా విశ్వవిద్యాలయం 4-0 తేడాతో టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టును ఓడించింది. అంతకు ముందటి ఏడాది ఇదే జార్జియాను ఇదే ప్రత్యర్థి ఫైనల్‌లో 4-1తో ఓడించి తొలిసారి టైటిల్ గెలుచుకుంది. 1994, 2000 తర్వాత జార్జియాకు ఇది మూడో జట్టు టైటిల్.

వింబుల్డన్, యూఎస్ ఓపెన్ చూసే ప్రేక్షకులకు ఈ పోటీ గురించి తెలిసింది తక్కువ. కానీ నేటి మహిళా టెన్నిస్‌లో పలువురు ప్రముఖులు ఈ పోటీలో ఆడి వచ్చినవారే. విదేశీ విద్యార్థినులకు, ముఖ్యంగా ఖర్చుకు వెనకాడే మధ్యతరగతి కుటుంబాల పిల్లలకు, ఇది ఆటను బతికించుకునే అవకాశం. ఆ అవకాశాన్ని కల్పించిన నియమాలే ఇప్పుడు వేగంగా మారుతున్నాయి.

పోటీ ఎలా జరుగుతుంది?

ఎన్‌సీఏఏలో మూడు స్థాయిలు ఉన్నాయి. వాటిని డివిజన్ 1, 2, 3 అంటారు. మూడింటికీ వేర్వేరు జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉంటాయి. వీటిలో ఎక్కువ పేరున్నది డివిజన్ 1. డివిజన్ 3 కళాశాలలు ఆటను బట్టి ఉపకార వేతనాలు ఇవ్వవు.

జట్ల మధ్య పోటీల కాలం జనవరిలో మొదలవుతుంది. విశ్వవిద్యాలయాలు కొన్ని కూటములుగా ఏర్పడి పరస్పరం తలపడతాయి. కూటమి విజేతలకు జాతీయ పోటీలో నేరుగా చోటు దక్కుతుంది. మిగిలిన స్థానాలకు జట్లను ఏడాది ఫలితాల ఆధారంగా ఒక కమిటీ ఎంపిక చేస్తుంది. మొత్తం 64 జట్లు నాకౌట్ పద్ధతిలో ఆడతాయి.

మొదటి రెండు రౌండ్లు ఒకేచోట జరగవు. తొలి 16 సీడెడ్ జట్లకు వాటి సొంత ప్రాంగణాల్లోనే ఆతిథ్యం ఇచ్చే అవకాశం లభిస్తుంది. తర్వాతి రౌండ్‌ను సూపర్ రీజినల్ అంటారు. అది దాటిన ఎనిమిది జట్లు ముందుగా నిర్ణయించిన వేదికకు చేరుకుంటాయి. క్వార్టర్ ఫైనల్స్ నుంచి ఫైనల్ వరకు అక్కడే జరుగుతాయి.

సింగిల్స్, డబుల్స్ విభాగాల్లో వ్యక్తిగత టైటిళ్లు కూడా ఉన్నాయి. చాలా ఏళ్లు అవి జట్టు పోటీ ముగిసిన వెంటనే, మే నెలలోనే జరిగేవి. జట్టు కోసం రోజుల తరబడి ఆడి అలసిన క్రీడాకారిణులు మర్నాడే వ్యక్తిగత పోటీలకు దిగవలసి వచ్చేది. 2024 నుంచి ప్రయోగాత్మకంగా వాటిని నవంబరుకు మార్చారు. ఆ ఏడాది నవంబరులో మహిళల సింగిల్స్ టైటిల్‌ను జార్జియా క్రీడాకారిణి దాషా విద్మనోవా గెలుచుకున్నారు.

ఏడు పాయింట్లు, నాలుగు చాలు

టెన్నిస్ స్వభావరీత్యా ఒంటరి ఆట. కళాశాలల పోటీలో మాత్రం అది జట్టు ఆటగా మారుతుంది. ఇందుకు కారణం పాయింట్ల విధానం.

రెండు జట్ల మధ్య పోరులో మొత్తం ఏడు పాయింట్లు ఉంటాయి. మొదట మూడు డబుల్స్ మ్యాచ్‌లు మూడు కోర్టులపై ఒకేసారి మొదలవుతాయి. ఒక్కొక్కటి ఆరు గేముల ఒకే సెట్. మూడింటిలో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్ లభిస్తుంది. ఆ తర్వాత ఆరు సింగిల్స్ మ్యాచ్‌లు జరుగుతాయి. ఇవి మూడు సెట్ల మ్యాచ్‌లు. ప్రతి విజయానికీ ఒక పాయింట్. ముందుగా నాలుగు పాయింట్లు సాధించిన జట్టే విజేత. ఫలితం తేలగానే మిగిలిన కోర్టులపై ఆట అక్కడికక్కడే నిలిచిపోవడం పరిపాటి.

దీనివల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడుతుంది. జట్టులో అగ్రశ్రేణి క్రీడాకారిణి గెలిచినా, ఆరో స్థానంలో ఆడే అమ్మాయి గెలిచినా పాయింట్ విలువ ఒక్కటే. స్కోరు 3-3 అయిన వేళ జాతీయ టైటిల్ భారమంతా ఎవరికీ పెద్దగా పేరు తెలియని విద్యార్థిని మీద పడవచ్చు. అప్పటికే తన మ్యాచ్ ముగించుకున్న సహచరులంతా ఆమె కోర్టు పక్కకు చేరి ప్రతి పాయింటుకూ గొంతెత్తి ప్రోత్సహిస్తారు. వృత్తి టెన్నిస్‌లో కనిపించే నిశ్శబ్దం ఇక్కడ ఉండదు.

గేములో స్కోరు 40-40కి చేరితే రెండు పాయింట్ల ఆధిక్యం కోసం ఎదురుచూడరు. తర్వాతి ఒక్క పాయింటే ఆ గేమును తేలుస్తుంది. సర్వీస్‌ను ఏ వైపు నుంచి ఎదుర్కోవాలో నిర్ణయించుకునే హక్కు ప్రత్యర్థికి ఉంటుంది. ఆట త్వరగా ముగియడానికి పెట్టిన ఈ నియమం, ఒత్తిడిని తట్టుకోవడంలో చిన్న వయసులోనే గట్టి శిక్షణ ఇస్తుంది.

చట్టం తెరిచిన తలుపు

ఈ వ్యవస్థ టెన్నిస్ సంఘాల చొరవతో ఏర్పడినది కాదు. దీని వెనుక ఉన్నది ఒక విద్యా చట్టం.

1961లో 17 ఏళ్ల వయసులో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన బిల్లీ జీన్ కింగ్ లాస్ ఏంజెలెస్ స్టేట్ కళాశాలలో చేరినప్పుడు ఆమెకు క్రీడా ఉపకార వేతనం లభించలేదు. చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ ఆమె చదువుకున్నారు. అదే దశాబ్దంలో, అదే నగరంలోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు ఆర్థర్ ఆష్, స్టాన్ స్మిత్ వంటి పురుష క్రీడాకారులకు ఉపకార వేతనాలు ఇచ్చాయి. నాటి మహిళలకు కళాశాలల జాతీయ పోటీ లేకపోలేదు. 1958లో సెయింట్ లూయిస్‌లో జరిగిన తొలి పోటీలో డార్లీన్ హార్డ్ విజేతగా నిలిచారు. కానీ గెలిచినవారికి గౌరవం దక్కింది తప్ప చదువుకు ఆసరా దొరకలేదు.

1972 జూన్ 23న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సంతకం చేసిన విద్యా సవరణల చట్టంలోని తొమ్మిదో అధికరణం ఈ పరిస్థితిని మార్చింది. 'టైటిల్ నైన్' అని పిలిచే ఈ అధికరణం ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే ఏ విద్యా సంస్థా లింగభేదం ఆధారంగా ఎవరికీ అవకాశం నిరాకరించకూడదు. దాని మూల వాక్యంలో క్రీడల ప్రస్తావనే లేదు. అయినా అందరికన్నా ఎక్కువగా పేరు పొందింది క్రీడారంగంలో అది తెచ్చిన మార్పుతోనే.

ఈ చరిత్రలో టెన్నిస్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1970ల తొలినాళ్లలో కళాశాలల మహిళా క్రీడలను ఏఐఏడబ్ల్యూ అనే సంఘం నిర్వహించేది. ఉపకార వేతనాల కోసం క్రీడాకారులను ఆకర్షించే పురుషుల పద్ధతి మహిళల క్రీడలను కూడా చెడగొడుతుందని ఆ సంఘం భావించింది. అందుకే ఉపకార వేతనం తీసుకున్నవారిని తన పోటీలకు అనుమతించలేదు. దీనిపై 1973లో ఫ్లోరిడాలోని రెండు కళాశాలల టెన్నిస్ క్రీడాకారిణులు, వారి శిక్షకురాలు పీచీ కెల్‌మేయర్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. పురుషులకు ఉన్న హక్కు మహిళలకు ఎందుకు ఉండకూడదన్నది వారి వాదన. వ్యాజ్యం తీర్పు దాకా వెళ్లకముందే సంఘం తన నియమాన్ని మార్చుకుంది. మహిళా క్రీడాకారిణులందరికీ ఉపకార వేతనాల దారి అలా తెరుచుకుంది. కెల్‌మేయర్ అదే ఏడాది కొత్తగా ఏర్పడిన మహిళా టెన్నిస్ సంఘం, డబ్ల్యూటీఏలో చేరి, ఆ తర్వాత దశాబ్దాల పాటు మహిళా టెన్నిస్‌కు సేవలందించారు.

1982లో ఎన్‌సీఏఏ మహిళలకు తొలి టెన్నిస్ చాంపియన్‌షిప్ నిర్వహించింది. సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ఆ పోటీలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విజేతగా నిలిచింది. నాడు ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ మ్యాచ్‌లకు విడివిడిగా మొత్తం తొమ్మిది పాయింట్లు ఉండేవి.

ఒకరి ఆధిపత్యం నుంచి పలువురి పోటీ దాకా

తొలి మూడు దశాబ్దాల చరిత్రను స్టాన్‌ఫర్డ్ చరిత్ర అన్నా తప్పు లేదు. ఆ విశ్వవిద్యాలయం మొత్తం 20 జట్టు టైటిళ్లు గెలిచింది. 1986 నుంచి 1991 వరకు వరుసగా ఆరుసార్లు విజేత. ఏడు టైటిళ్లతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రెండో స్థానంలో ఉంది.

స్టాన్‌ఫర్డ్ చివరిసారి గెలిచింది 2019లో. 2020లో కోవిడ్ కారణంగా పోటీ జరగలేదు. ఆ తర్వాత 2021, 2022లలో టెక్సాస్, 2023లో నార్త్ కరోలినా, 2024లో టెక్సాస్ ఏ అండ్ ఎం, 2025లో జార్జియా విజేతలుగా నిలిచాయి. వీటిలో నార్త్ కరోలినా, టెక్సాస్ ఏ అండ్ ఎం గెలుపొందడం అదే మొదటిసారి.

ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం విదేశీ విద్యార్థినులు. డివిజన్ 1 టెన్నిస్ జట్లలో సగానికి పైగా వారే ఉన్నారు. ప్రతిభ ఏ దేశంలో ఉన్నా వెతికి తెచ్చుకోగల విశ్వవిద్యాలయం కొద్ది ఏళ్లలోనే బలమైన జట్టును నిర్మించుకోగలుగుతోంది.

వృత్తి టెన్నిస్‌కు ఇది మెట్టేనా?

ఒకప్పుడు కళాశాలకు వెళ్లడమంటే వృత్తి టెన్నిస్ ఆశలు వదులుకోవడమేనన్న అభిప్రాయం ఉండేది. గొప్ప క్రీడాకారిణులు చాలామంది ఇరవై ఏళ్లలోపే పేరు తెచ్చుకోవడం ఇందుకు కారణం. సానియా మీర్జా 2005లో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచే నాటికి ఆమె వయసు 18 ఏళ్లు మాత్రమే.

డేనియల్ కాలిన్స్ దారి వేరు. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2014, 2016లలో ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ గెలిచి, పట్టా పుచ్చుకున్న తర్వాతే ఆమె పూర్తికాలం వృత్తి టెన్నిస్‌లోకి వచ్చారు. గ్రాండ్‌స్లామ్ ప్రధాన డ్రాలో ఆమె తొలి మ్యాచ్ గెలిచింది 2019 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో. ఆ టోర్నీలోనే సెమీఫైనల్ చేరారు. 2022లో అక్కడే ఫైనల్ ఆడారు. 2014లో యూసీఎల్ఏ జట్టు జాతీయ టైటిల్ గెలిచినప్పుడు అందులో ఉన్న జెన్నిఫర్ బ్రేడీ 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ చేరారు. 2021 ఎన్‌సీఏఏ సింగిల్స్ విజేత ఎమ్మా నవారో మూడేళ్లకు యూఎస్ ఓపెన్ సెమీఫైనల్‌లో ఆడారు.

వీరందరికీ కళాశాల ఇచ్చింది ముఖ్యంగా సమయం. శరీరం బలపడటానికి, ఆటలో లోపాలు సరిదిద్దుకోవడానికి, ఓడినా తిండికి, వసతికి లోటు లేకుండా గడపడానికి మూడు నాలుగేళ్లు దొరికాయి. ఆ సమయం విలువ ఎంతో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య లెక్కలు చెబుతాయి. సమాఖ్య 2013 నాటి అధ్యయనం ప్రకారం వృత్తి క్రీడాకారిణికి శిక్షకుల ఖర్చు కలపకుండానే ఏడాదికి సగటున సుమారు 40 వేల డాలర్లు అవసరమయ్యేవి. ఆదాయం ఖర్చుకు సరిపోవాలంటే ప్రపంచ ర్యాంకు దాదాపు 250 లోపు ఉండాలి. ఆ స్థాయికి చేరేలోపు ఎన్నేళ్లు పట్టినా నష్టం కుటుంబానిదే.

తెలుగు నేలతో అనుబంధం

ఈ దారిలో నడిచిన తెలుగు క్రీడాకారిణి సహజ యమలపల్లి. ఆమె టెక్సాస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడారు. అది స్టాన్‌ఫర్డ్‌లా టైటిళ్ల చరిత్ర ఉన్న జట్టు కాదు. కానీ చదువుతో పాటు క్రమం తప్పని మ్యాచ్‌లు ఆమెకు అక్కడ దొరికాయి. 2024 ఆరంభంలో ముంబయిలో జరిగిన డబ్ల్యూటీఏ 125 టోర్నీ తొలి రౌండ్‌లో టాప్ సీడ్ కేలా డేను ఓడించి ఆమె అందరి దృష్టినీ ఆకర్షించారు. ఆ తర్వాత భారత మహిళల సింగిల్స్‌లో ముందువరుసకు వచ్చారు.

పురుషుల విభాగంలో ఈ దారి భారతీయులకు మరింత పరిచితం. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లలో వరుసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ సాధించారు. 2010 ఆసియా క్రీడల్లో ఆయన భారత్‌కు సింగిల్స్ స్వర్ణం తెచ్చారు. నెల్లూరు మూలాలున్న కుటుంబంలో అమెరికాలో జన్మించిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, 2024 చివర వృత్తి టెన్నిస్‌ను ఎంచుకున్నారు. వచ్చే నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నొవాక్ జొకోవిచ్‌పై తొలి సెట్ గెలిచారు.

భారతదేశంలోనూ విశ్వవిద్యాలయాల మధ్య టెన్నిస్ ఉంది. 1925లో ఏర్పడిన భారత విశ్వవిద్యాలయాల సంఘం జోన్ల స్థాయిలోనూ, అఖిల భారత స్థాయిలోనూ పోటీలు నిర్వహిస్తుంది. 2020లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మొదలయ్యాయి. తేడా అంతా నిడివిలో ఉంది. ఇక్కడ పోటీలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి. అక్కడ జనవరి నుంచి మే వరకు ఇంచుమించు వారం వారం మ్యాచ్‌లు ఉంటాయి. విశ్వవిద్యాలయం జీతమిచ్చి నియమించుకున్న శిక్షకులు ఏడాది పొడవునా అందుబాటులో ఉంటారు. ఇక్కడ క్రీడా కోటా ప్రధానంగా సీటు సంపాదించడానికి పనికొస్తుంది. సీటు వచ్చాక ఆట సాగాలంటే ఆ భారం మళ్లీ కుటుంబానిదే.

బహుమతి డబ్బు ఎవరిది?

అమెరికా వ్యవస్థలోనూ లోపాలున్నాయి. వాటిలో ఎక్కువ వివాదాస్పదమైనది బహుమతి సొమ్ము.

విశ్వవిద్యాలయంలో చేరబోయే టెన్నిస్ క్రీడాకారులు ఏడాదికి 10 వేల డాలర్ల వరకే బహుమతి సొమ్ము తీసుకోవచ్చని, అంతకు మించితే వాస్తవ ఖర్చులకు సరిపడా మాత్రమే ఉంచుకోవాలని ఎన్‌సీఏఏ నియమం పెట్టింది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మేయర్ 2021 యూఎస్ ఓపెన్‌లో సుమారు 49 వేల డాలర్లు గెలిచినా అధిక భాగాన్ని వదులుకోవలసి వచ్చింది. ఈ నియమాన్ని సవాలు చేస్తూ 2024 మార్చిలో ఆమె వ్యాజ్యం వేశారు.

అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి మాయా జాయింట్ రెండో రౌండ్ చేరారు. అందుకు లభించే బహుమతి 1,40,000 డాలర్లు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆడాలని నిర్ణయించుకున్నందున ఆ సొమ్ములో చాలా భాగం ఆమెకు దక్కని పరిస్థితి ఏర్పడింది. కొద్ది నెలలకే ఆమె కళాశాల టెన్నిస్‌ను వదిలి వృత్తి టెన్నిస్‌కు మారారు.

విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, గుర్తింపులను వాడుకుని ప్రకటనల ద్వారా సంపాదించడానికి 2021 జులై నుంచే అనుమతి ఉంది. అంటే బూట్ల ప్రకటనలో నటించి డబ్బు తీసుకోవచ్చు, అవే బూట్లు వేసుకుని ఆడి గెలిచిన డబ్బు మాత్రం వదులుకోవలసి వచ్చేది. ఈ వైరుధ్యమే విమర్శలకు మూలం.

కొత్త నియమాలతో ఎవరికి లాభం?

2025 జూన్‌లో అమెరికా న్యాయస్థానం ఆమోదించిన ఒక ఒప్పందం కళాశాల క్రీడల రూపాన్నే మార్చివేసింది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా చెల్లింపులు చేయవచ్చు. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

ఉపకార వేతనాల పరిమితులూ మారాయి. అంతకు ముందు డివిజన్ 1 మహిళల టెన్నిస్ జట్టుకు ఎనిమిది పూర్తి ఉపకార వేతనాలు ఉండేవి. పురుషుల జట్టుకు నాలుగున్నర మాత్రమే. పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే 85 ఉపకార వేతనాలు తీసుకోవడం వల్ల, టైటిల్ నైన్ కోరే సమతూకం కోసం టెన్నిస్ వంటి క్రీడల్లో మహిళలకు ఎక్కువ కేటాయించేవారు. కొత్త విధానంలో ఒప్పందానికి అంగీకరించిన విశ్వవిద్యాలయాలకు ఉపకార వేతనాల సంఖ్యపై పరిమితి లేదు. జట్టు పరిమాణంపైనే పరిమితి. టెన్నిస్‌లో అది పది మంది.

కాగితం మీద ఇది పెరుగుదలే. కానీ విశ్వవిద్యాలయం చేతిలోని డబ్బు ఎటు వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. టికెట్లు, ప్రసార హక్కుల ద్వారా ఆదాయం తెచ్చేవి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్. టెన్నిస్‌కు అయ్యేది ఖర్చే తప్ప ఆదాయం స్వల్పం. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని విశ్వవిద్యాలయాలు టెన్నిస్ జట్లనే రద్దు చేశాయి.

విదేశీ విద్యార్థినులకు మరో చిక్కు ఉంది. విద్యార్థి వీసాపై వచ్చినవారు అమెరికాలో ఉద్యోగం చేసి సంపాదించడంపై కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. అందుకే జట్టులో సహచరులు అందుకునే కొత్త చెల్లింపుల్లో వాటా పొందడం వారికి అంత తేలిక కాదు. జట్టులో సగానికి పైగా ఉన్నవారికే కొత్త లాభం అందకపోవచ్చన్నమాట.

కుటుంబాలు గమనించాల్సినవి

ఈ దారిని ఎంచుకోదలచిన కుటుంబాలు ముందుగా గుర్తించాల్సింది ఇది చదువుతో ముడిపడిన అవకాశం అన్న సంగతి. డివిజన్ 1లో ఆడాలంటే ఉన్నత పాఠశాల స్థాయిలో 16 నిర్దేశిత కోర్సులు, కనీసం 2.3 గ్రేడు సగటు అవసరం. తొమ్మిదో తరగతి నుంచే బడి మానిపించి పూర్తిగా అకాడమీకి పరిమితం చేసిన పిల్లలకు ఈ తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. పోటీల కాలంలో జట్టు సాధనకు వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది. మిగిలిన సమయం తరగతులకు, పరీక్షలకు కేటాయించాలి.

పేరున్న విశ్వవిద్యాలయం ఒక్కటే కొలమానం కాదు. అగ్రశ్రేణి జట్టులో పదో స్థానంలో ఉండి మ్యాచ్ దొరకని అమ్మాయి కన్నా, చిన్న జట్టులో మొదటి స్థానంలో ప్రతి వారం ఆడే అమ్మాయికే ఆట మెరుగయ్యే అవకాశం ఎక్కువ. ఉపకార వేతనం నాలుగేళ్లకూ హామీగా ఇస్తున్నారా, గాయమైతే ఏమవుతుంది, విశ్వవిద్యాలయం టెన్నిస్ జట్టును కొనసాగించే ఉద్దేశంతో ఉందా అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం మేలు.

ఎన్‌సీఏఏ పోటీల్లో ఆడినవారిలో అత్యధికులు వృత్తి టెన్నిస్‌లోకి రారు. వారు ఇంజినీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అవుతారు. ఆటలో ఓడినా చేతిలో పట్టా ఉండటం, పట్టా కోసం ఆటను వదులుకోవలసిన అవసరం లేకపోవడం ఈ వ్యవస్థ సాధించిన అసలు విజయం. 1973లో న్యాయస్థానం మెట్లెక్కిన టెన్నిస్ క్రీడాకారిణులు కోరుకున్నది కూడా అదే. డబ్బు పెరిగిన కొత్త కాలంలో ఆ అవకాశం ఎంతమందికి మిగులుతుందన్నది ఇకపై విశ్వవిద్యాలయాలు చేసే కేటాయింపులు తేలుస్తాయి.